డిజిటల్ అకార్డియన్: అంగములు, స్వరములు, అభ్యాసము



ఈ సంచికలోని పాఠము వాద్యము నేర్చుకొనగోరు యౌవనస్థుల కొరకును, వారిని ప్రోత్సహింపవలసిన తలిదండ్రుల కొరకును వ్రాయుచున్నాము. మన పత్రిక చదువు కుటుంబములలో అనేకులు తాతల నాటినుండి ఇతర రాష్ట్రములలో స్థిరపడినవారు. కోలారు గనుల ప్రాంతములోనైనను, షోలాపూరు మగ్గముల పేటలోనైనను, బరంపురములోనైనను ఇంట తెలుగు మాటలాడుదురు గాని బడిలో పిల్లలు కన్నడమో, మరాఠీయో, ఒడియాయో చదువుదురు. తెలుగు అక్షరము రాని బిడ్డ నోట తెలుగు పాట నిలుచునా అనునది మన పెద్దలందరి చింత. చేతికి ఒక వాద్యమిచ్చుట ఆ చింతకు ఒక మందు అని మేము నమ్ముచున్నాము. అది ఎట్లో మూడవ భాగములో చెప్పెదము.

వాద్యములు అనేకము ఉండగా డిజిటల్ అకార్డియన్‌ను ఎందుకు ఎన్నుకొంటిమి? హార్మోనియం వాయించువారు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. ఆ చేతికి ఇది దగ్గరి చుట్టము. కీబోర్డు నేర్చిన పిల్లలకు దీని కుడిచేయి సగము తెలిసినట్టే. ఇక హెడ్‌ఫోను పెట్టుకొని ఒక్క గది ఇంటిలో సైతము పొరుగువారి నిద్ర చెడగొట్టక సాధన చేయవచ్చును.

1. ఈ వాద్యము ఎక్కడిది?

1829లో వియన్నా నగరమున సిరిల్ డెమియన్ అను వాద్యనిర్మాత అకార్డియన్ అను పేరుతో పేటెంటు పొందెను. తరువాత జర్మనీలోని ట్రాసింగెన్, ఇటలీలోని కాస్టెల్‌ఫిదార్డో ఊళ్లు ఈ పనికి పేరుపొందినవి. గాలి తగిలినప్పుడు సన్నని లోహపు రేకు కదలి పలుకును. ఆ రేకునే రీడ్ అందురు. మన హార్మోనియంలో పలుకునదియు రీడే. హార్మోనియం నేలమీద కూర్చుండును, అకార్డియన్ రొమ్ముమీద వ్రేలాడును, అంతే భేదము.

మన దేశమున హిందీ సినిమా సంగీతము ద్వారా అకార్డియన్ ఇంటింటికి తెలిసెను. 1964లో వచ్చిన సంగం చిత్రములో రాజ్ కపూర్ మెడలో వేసికొన్న వాద్యము ఇదే. పుణె నగరమునకు చెందిన ఈనాక్ డేనియల్స్ అకార్డియన్ మీద పాటలు వాయించి రికార్డులు ఇచ్చి పేరుపొందిరి.

అయితే రీడ్ల అకార్డియన్‌కు ఒక కష్టము కలదు. యానాం వంటి తేమగల చోట్ల ఉక్కు రీడ్లకు త్రుప్పు పట్టి శ్రుతి తప్పును. దానిని సరిచేయు పనివారు మన ప్రాంతములలో అరుదు. ఒక్క రీడ్ చెడినను పెట్టె మూలకు చేరును.

జపాను దేశమునకు చెందిన రోలాండ్ కంపెనీ 2004లో వి-అకార్డియన్ అను పేరుతో ఎఫ్‌ఆర్-7, ఎఫ్‌ఆర్-5 అను నమూనాలను విడుదల చేసెను. వీటిలో రీడ్లు లేవు. రీడ్ ఎట్లు పలుకునో, గాలి బలము మారినప్పుడు దాని ధ్వని ఎట్లు మారునో లోపలి కంప్యూటరు లెక్కకట్టి పలికించును. పాత అకార్డియన్ల మూత టప్పుమను చప్పుడు, గాలి ఎక్కువైనప్పుడు రీడ్ చేయు గరగర సైతము అందులో ఉంచిరి. ఇష్టము లేనిచో వాటిని తగ్గించుకొనవచ్చును.

2. అంగములు

కుడిచేతి వైపు పియానో వంటి కీలు ఉండును. పెద్ద నమూనాయైన ఎఫ్‌ఆర్-8ఎక్స్‌లో 41, నడిమి నమూనాయైన ఎఫ్‌ఆర్-3ఎక్స్‌లో 37, చిన్న ఎఫ్‌ఆర్-1ఎక్స్‌లో 26 కీలు కలవు. ఎడమచేతి వైపు గుండ్రని బటన్లు ఉండును. మొదటి రెంటిలో 120, చిన్నదానిలో 72. కీలకు బదులు కుడివైపున కూడ బటన్లే గల నమూనాలు వేరే కలవు. మనవారు పియానో కీలు గలదానినే తీసికొనుట మేలు.

రెండు చేతుల మధ్యనున్న ముడతల తిత్తిని బెలోస్ అందురు. కీలకు ప్రక్కన వరుసగా ఉండు స్విచ్‌లు రిజిస్టర్లు. ధ్వనిని ఎన్నుకొనునవి అవే. వెనుక భుజముల పట్టీలు, ఎడమచేతి మణికట్టుకు మరొక పట్టీ ఉండును.

మొదటి దినమున ఏ కీ నొక్కవద్దు. పట్టీలు సరిచేసికొనుటయే ఆ దినపు పాఠము. కూర్చున్నప్పుడు వాద్యము బరువు ఎడమ తొడమీద నిలువవలెను. కీబోర్డు కుడి తొడకు లోపలి ప్రక్కన ఉండవలెను. పట్టీ వదులైనచో బెలోస్ తెరచినప్పుడెల్ల పెట్టె అంతయు కదలును, కుడిచేయి దానిని పట్టుకొనుటకే సరిపోవును.

3. బెలోస్: ఈ వాద్యమునకు ఊపిరి

రీడ్లు లేనప్పుడు బెలోస్ ఎందుకు అని పిల్లలు అడుగుదురు. మంచి ప్రశ్న. తిత్తిలోని గాలి ఒత్తిడిని కొలుచు సెన్సరు ఒకటి లోపల ఉన్నది. మెల్లగా లాగిన మెల్లగా, బలముగా లాగిన బిగ్గరగా పలుకవలెనని అది కంప్యూటరుకు తెలుపును. లాగకపోయిన ధ్వని రాదు. కీబోర్డుకును దీనికిని గల ముఖ్య భేదము ఇదే. కీబోర్డు మీద స్వరము నొక్కిన తరువాత దాని బలము వ్రేలి చేతిలో ఉండదు. అకార్డియన్ మీద ఒకే స్వరమును పట్టుకొని, గాయకుడు గొంతు పెంచి తగ్గించినట్లు పెంచి తగ్గించవచ్చును.

రీడ్ల అకార్డియన్‌లో గాలి రీడ్ల గుండా పోవును. ఇందులో ఆ దారి లేదు గనుక గాలి పోవుటకు ఒక చిన్న మార్గము ఉంచి, దానిని బిగించుటకు, వదలుటకు ఒక మర పెట్టిరి. చిన్నపిల్లలకు వదులుగా, బలముగల చేతికి బిగువుగా సర్దవలెను. దీనికి తోడు ఎంత ఒత్తిడికి ఎంత ధ్వని రావలెనో నిర్ణయించు బెలోస్ కర్వ్ అను అమరిక లోపల కలదు. అందు లైట్, స్టాండర్డ్, హెవీ అనునవి మామూలువి. ఫిక్స్‌డ్ అను మరొక విధము కలదు. అందులో బెలోస్ కదపకయే స్వరములు పలుకును. వ్రేళ్ల సాధనకు అది పనికివచ్చును గాని పాటకు దానినే మరిగినచో అకార్డియన్ నేర్చినట్లు కాదు.

ఇప్పుడు ముఖ్య సంగతికి వచ్చెదము. బెలోస్ ఎంతసేపు తెరచినను ఒకచోట ఆగి మూయవలెను. ఆ తిరుగుచోట ధ్వనిలో చిన్న తెగుదల వచ్చును. ఎక్కడ త్రిప్పవలెను? మాట ముగిసినచోట. ఒక సామాన్య వాక్యము తీసికొందము: “అమ్మ నాకు అన్నము పెట్టెను.” ‘నాకు’ అను మాట తరువాత త్రిప్పిన అర్థము చెడదు. ‘అన్న’ అని పలికి అక్కడ త్రిప్పి, తరువాత ‘ము పెట్టెను’ అన్నచో అన్నము పోయి అన్నగారు వచ్చును! వినువారు నవ్వుదురు, పాడువారు తడబడుదురు.

కాబట్టి తెలుగు పాటకు అకార్డియన్ వాయించు బిడ్డ ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలిసికొని తీరవలెను. అర్థము అడుగును, పలికి చూచును, వరుసకు వరుస కంఠస్థము చేయును. పాడువారిలో ఒకడు మాట తెలియకపోయినను గుంపులో కలిసిపోవచ్చును. బెలోస్ పట్టినవాడు తప్పించుకొనలేడు. భాషను పుస్తకముతో బలవంతముగా నేర్పినప్పుడు విసుగుకొను బిడ్డ వాద్యము కొరకు తానే అడిగి నేర్చుకొనును. మొదట మేము చెప్పిన మందు ఇదే.

అభ్యాసము: పాట కాగితము మీద త్రిప్పవలసినచోట పెన్సిలుతో నిలువు గీత గీయుడి. తెలుగు చదువలేని బిడ్డకు పాటను కన్నడ లిపిలోనో, ఒడియా లిపిలోనో వ్రాసి ఇచ్చినను ఇయ్యుడి గాని గీతలు మాత్రము బిడ్డచేతనే, పెద్దల ప్రక్కన కూర్చుండి గీయింపుడి.

4. కుడిచేయి: రిజిస్టర్ల గుర్తులు

రిజిస్టరు స్విచ్ మీద ఒక వృత్తము, దానిలో రెండు అడ్డగీతలు, అక్కడక్కడ చుక్కలు కనబడును. వృత్తము మూడు అంతస్తుల ఇల్లు అనుకొనుడి. క్రింది అంతస్తు చుక్క మంద్ర స్వరము. నొక్కిన కీ కంటె ఒక స్థాయి క్రింద పలుకును. దీనిని 16 అడుగుల రీడ్ అందురు. మధ్య అంతస్తు 8 అడుగులది. నొక్కిన స్థాయిలోనే పలుకును. పై అంతస్తు 4 అడుగులది. ఒక స్థాయి పైన పలుకును. ఈ అడుగుల లెక్క పైపు ఆర్గన్ గొట్టముల పొడవునుండి వచ్చినది.

క్రింద ఒక్క చుక్క ఉన్న బసూన్. మధ్య ఒక్కటి ఉన్న క్లారినెట్. పైన ఒక్కటి ఉన్న పిక్కోలో. క్రిందను మధ్యను కలిసిన బాండోనియన్. మూడు అంతస్తులలో ఒక్కొక్కటి ఉన్నదానికి హార్మోనియం అను పేరే కలదు. అన్నియు నిండిన మాస్టర్. ఈ గుర్తులు రీడ్ల అకార్డియన్ మీదను ఇవే గనుక ఒకసారి నేర్చిన రెండింటికి పనికివచ్చును.

మధ్య అంతస్తులో రెండు మూడు చుక్కలు ప్రక్కప్రక్కన ఉన్నచో అది అలలుగా వణకు ధ్వని. మూడు చుక్కలదానిని మ్యూజెట్ అందురు. ఒకే స్వరమునకు రెండు రీడ్లను కొంచెము తేడాగా శ్రుతి చేయుటవలన ఈ వణకు పుట్టును. ఒకటి సెకనుకు 440 సార్లు, రెండవది 443 సార్లు కదలినచో సెకనుకు మూడు అలలు వినబడును. తేడా పెరిగిన అలలు పెరుగును. రీడ్ల పెట్టెలో ఈ తేడాను మార్చుట పనివాని వంతు. డిజిటల్ దానిలో అమరిక మార్చిన చాలును. అలలు దాదాపు లేనిదానిని డ్రై అందురు. ఫ్రెంచి, ఇటాలియన్ మొదలగు దేశముల పేర్లతో వేర్వేరు తేడాలు అందులో ఉండును.

మా సలహా: పదిమంది కలిసి పాడునప్పుడు డ్రై గాని, క్లారినెట్ గాని వాడుడి. అలలు ఎక్కువైన శ్రుతి ఎక్కడున్నదో గొంతుకు తెలియదు. మ్యూజెట్ వినుటకు ఇంపైనది గనుక పాటకు ముందు వాయించు భాగమునకు ఉంచుకొనుడి.

5. ఎడమచేయి: చూడకయే తెలిసికొనవలసిన బటన్లు

120 బటన్లను చూచి భయపడవలదు. అవి 20 వరుసలు, వరుసకు ఆరు. బెలోస్ వైపునుండి లెక్కించిన రెండవది మూల స్వరము, అనగా బేస్. మూడవది దాని మేజర్ కార్డ్, నాలుగవది మైనర్, ఐదవది సెవెంత్, ఆరవది డిమినిష్డ్. మొదటిది కౌంటర్ బేస్. అది మూల స్వరమునకు అంతర గాంధారము. కార్డ్ అనగా కలిసి పలుకు స్వరముల కూర్పు. సి మేజర్ నొక్కిన స, గ, ప ఒక్క వ్రేలికే పలుకును.

సి బేస్ బటన్ మీద చిన్న గుంటయో, గరుకు గుర్తో ఉండును. చీకటిలో సైతము వ్రేలు దానిని కనుగొనవలెను. అక్కడినుండి గడ్డము వైపు ఒక మెట్టు ఎక్కిన పంచమము, అనగా జి. ఒక మెట్టు దిగిన ఎఫ్, అనగా మధ్యమము. కనుక సి షడ్జముగా గల సులభమైన పాటకు కావలసిన సి, ఎఫ్, జి మూడును ప్రక్కప్రక్కనే ఉన్నవి. పాట జి షడ్జముగా ఉన్నచో చేయి ఒక మెట్టు పైకి జరుపుడి, వ్రేళ్ల వరుస మారదు.

ఉంగరపు వ్రేలు బేస్ మీద, నడిమి వ్రేలు మేజర్ మీద ఉంచుడి. మూడు లెక్కల పాటకు బేస్, కార్డ్, కార్డ్. నాలుగు లెక్కల పాటకు బేస్, కార్డ్, బేస్, కార్డ్. బటన్‌ను వేడి పెనము తాకినట్లు తాకి విడువవలెను. పట్టుకొని ఉన్నచో తాళము బురదలో నడిచినట్లుండును.

6. మన కీర్తనలకు శ్రుతి

పాశ్చాత్య రాగములుగల పాటలకు కార్డ్‌లు చక్కగా అమరును. రాగతాళములు పైన అచ్చువేసిన తెలుగు కీర్తనలకు అట్లు కాదు. శంకరాభరణమునకు కొంతవరకు నప్పును; సి షడ్జముగా దాని స్వరములన్నియు తెల్లని కీలే. ఆనందభైరవి వంటి రాగమునకు గమకము ప్రాణము. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు ఆ నడకను కీలు పలికింపలేవు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను రేడియోలో నిషేధించినప్పుడు చెప్పిన ముఖ్య ఆక్షేపణలలో ఇదియు ఒకటి.

అటువంటి కీర్తనకు ఏమి చేయవలెను? కార్డ్‌లు మానుడి. బేస్ వరుసలో సి, జి బటన్లు ప్రక్కప్రక్కనే ఉన్నవి గదా! రెండును కలిపి మెల్లగా పట్టుకొనుడి. షడ్జ పంచమములు కలిసి తంబురా వలె శ్రుతి నిలుచును. కుడిచేత క్లారినెట్ ధ్వనితో పాట వరుసను మాత్రము సాదాగా వాయించి, గమకములను పాడువారి గొంతుకు విడువుడి. గొంతు చేయు పనిని వ్రేలు లాగుకొనరాదు.

7. ఇతర ధ్వనులు, శ్రుతి మార్పు

అకార్డియన్ ధ్వనులేగాక వయొలిన్, ఫ్లూట్, ట్రంపెట్ మొదలగు ఆర్కెస్ట్రా ధ్వనులు, ఆర్గన్ ధ్వనులు ఇందు కలవు. ఎడమచేతికి కంచు బాకా, కమానుతో వాయించు పెద్ద బేస్ వంటివి పెట్టుకొనవచ్చును. కొత్త వాద్యము చేతికి వచ్చిన బిడ్డ మొదటి వారమంతయు వీటినే త్రిప్పుచుండును. త్రిప్పనియ్యుడి. తరువాత ఒక నియమము పెట్టుడి: ఒక పాటకు ఒక ధ్వని. ప్రతి ధ్వనికి దాని ఊపిరి వేరు. ఫ్లూట్ ధ్వని పెట్టినప్పుడు ఫ్లూట్ ఊదువాడు ఎక్కడ ఊపిరి తీయునో అక్కడ ఆపవలెను.

ట్రాన్స్‌పోజ్ అను అమరిక చాల ఉపకారి. పురుషులు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతిలోను సుఖముగా పాడుదురు. వ్రేళ్లు సి షడ్జముగానే వాయించుచుండగా ధ్వని మాత్రము పైకి, క్రిందికి జరుగును. వృద్ధులు పై స్వరము అందుకొనలేక మౌనముగా నిలుచుండుట చూచినప్పుడు రెండు మెట్లు దించుడి. మరల నోళ్లు తెరచుకొనును. పాట ముగియగానే దానిని సున్నకు త్రిప్పుట మరువరాదు. లేనిచో ప్రక్కనున్న హార్మోనియంతో తరువాతి పాట కలియదు.

మీకు కుదిరిన అమరికలను వాద్యము జ్ఞాపకములో దాచుకొనవచ్చును. అయినను ఒక నోటు పుస్తకములో పాట పేరు, రిజిస్టరు, శ్రుతి వ్రాసి ఉంచుడి. ఎవరైన అన్నియు చెరిపి కంపెనీ అమరికకు త్రిప్పినను పుస్తకము మిగులును.

8. ఆరు వారముల అభ్యాసము

దినమునకు అరగంట చాలును. మొదటి వారము పట్టీలు, కూర్చుండు విధము, ఒకే స్వరము మీద బెలోస్: ఎనిమిది లెక్కలు తెరచుట, ఎనిమిది లెక్కలు మూయుట. రెండవ వారము కుడిచేత సరళీ స్వరములు, క్లారినెట్ రిజిస్టరులో. మూడవ వారము కుడిచేత తెలిసిన పాట ఒకటి, త్రిప్పుచోట గీతలు గీసికొని. నాలుగవ వారము ఎడమచేయి ఒక్కటే, కన్నులు మూసికొని సి, ఎఫ్, జి. ఐదవ వారము రెండు చేతులు, మిక్కిలి మెల్లగా. ఆరవ వారము ప్రక్కన ఒకరిని పాడనిచ్చి వారి వెంట నడచుట. ఈ ఆరవ వారమే కఠినము. వాద్యకారుడు తన చేతిని విడిచి ఎదుటివారి గొంతు వినుట అప్పుడు నేర్చుకొనును.

9. కొనునప్పుడు, వాడునప్పుడు

ఇది ఖరీదైన వస్తువు. అప్పుచేసి కొనవలదు. నాలుగు కుటుంబములు కూడి ఒకటి తీసికొని వంతులవారీగా సాధన చేయుట మేలు. వాడినదానిని కొన్నచో ప్రతి కీని, ప్రతి బటన్‌ను ఒక్కొక్కటిగా నొక్కి చూడుడి. బెలోస్ మూలలలో గాలి కారుచున్నదేమో చెంప దగ్గర పెట్టి చూడుడి. బ్యాటరీ అరలో తెల్లని బూజు ఉన్నదేమో చూడుడి. ఆ వాద్యమునకు చెందిన అడాప్టరే అడిగి తీసికొనుడి, వోల్టులు వేరైన అడాప్టరు పెట్టరాదు.

చాలకాలము వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచుడి. సముద్రపు గాలిగల ఊళ్లలో పని ముగియగానే పెట్టెలో పెట్టి మూయుడి. స్పీకరుకు తీగ తగిలించుటకు ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గింపుడి. కూడికలో ఎంత ధ్వని ఉండవలెననగా, ముందు వరుసలోని ముసలి తల్లికి తన ప్రక్కవారి పాట వినబడునంత. అంతకు మించినచో వాద్యము గెలిచి పాట ఓడినట్లు.

అభ్యాస ప్రశ్నలు

1. రీడ్లు లేని అకార్డియన్‌కు బెలోస్ ఎందుకు కావలెను?
2. రిజిస్టరు గుర్తులో క్రింది అంతస్తున ఒక్క చుక్క ఉన్నచో ఏ స్థాయి పలుకును?
3. సి బేస్‌కు పై మెట్టున ఏ స్వరము, క్రింది మెట్టున ఏ స్వరము ఉన్నవి?
4. గమకము ప్రధానమైన కీర్తనకు ఎడమచేత ఏమి పట్టవలెను?
5. మీ ఇంట పాడు పాట ఒకటి తీసికొని, త్రిప్పవలసిన చోట్ల గీతలు గీసి, ఆ చోటనే ఎందుకో మీ అమ్మమ్మకో నాయనమ్మకో చెప్పుడి.

అయిదవ ప్రశ్నకు మార్కులు ఆమెయే వేయవలెను. ఆమె వేసిన మార్కులకు మేము అభ్యంతరము చెప్పము.